పరీక్షకు ముందు పని తెలియాలి

(ఇంజనీరింగ్, డిప్లొమా విద్యార్థులు, వారి తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రైమవేరా సర్టిఫికెట్ పరీక్షకు ఏ విధంగా సిద్ధం కావాలో చెప్పవలసిందిగా నిర్వాహకులు నన్ను కోరారు. ఈ అంశంపై మాట్లాడే అర్హత నాకు ఉన్నదని వారు భావించడానికి కారణం, నేను గల్ఫ్ దేశాలలో ప్లానింగ్ ఇంజనీరుగా చాలా ఏళ్లు పనిచేసి రావడం. నా దృష్టిలో అంతకన్నా పెద్ద అర్హత మరొకటి ఉన్నది. ఈ పరీక్షలో నేను మొదటిసారి తప్పాను. ఆ సంగతితోనే నా మాటలు ప్రారంభిస్తాను.

డిప్లొమా పూర్తయిన తరువాత ఒక శిక్షణ కేంద్రంలో చేరాను. ఫీజు కోసం మా అమ్మ తన రెండు గాజులను తాకట్టు పెట్టింది. నలభై రోజుల శిక్షణ అన్నారు. అందులో సగం రోజులు కంప్యూటర్ ఖాళీ లేక వెనక నిలబడి చూడడంతోనే గడిచిపోయాయి. చివరి వారం నాలుగు వందల ప్రశ్నలు, జవాబులు ఉన్న ఒక కట్ట చేతికిచ్చి, ‘ఇవి కంఠస్థం చేయండి, ఇవే వస్తాయి’ అని చెప్పారు. చేశాను. పరీక్షలో ఆ ప్రశ్నలను పోలినవి కొన్ని వచ్చిన మాట నిజమే. కాని అంకెలు వేరు, పరిస్థితి వేరు. జవాబు ‘బి’ అని జ్ఞాపకం ఉన్నది. ఎందుకు ‘బి’ అవుతుందో తెలియదు. ఇంటికి వచ్చి అమ్మకు ఫలితం చెప్పడానికి రెండు రోజులు పట్టింది. గాజులు విడిపించడానికి రెండేళ్లు పట్టింది.

ఈ కథ నా ఒక్కడిది కాదని ఇక్కడ కూర్చున్న చాలామందికి తెలుసు. అందుచేత ఈ రోజు నేను చెప్పదలచినవి మూడు. ఈ పరీక్ష దేనికి సంబంధించినది? దానికి నిజంగా ఏమి చదవాలి? ఇంటివారు ఏమి చేయాలి?

ఈ సాఫ్ట్‌వేర్ అవసరం ఎందుకు వచ్చింది?

పెద్ద నిర్మాణంలో వేల పనులు ఉంటాయి. ఏ పని ఎప్పుడు మొదలుకావాలి, ఏది ఆలస్యమైతే మొత్తం ఆలస్యమవుతుంది అనే లెక్క మనిషి మనసులో ఇమడదు. 1957 ప్రాంతంలో అమెరికాలో డ్యూపాంట్, రెమింగ్టన్ ర్యాండ్ సంస్థల నిపుణులు ఈ లెక్కకు ఒక పద్ధతిని రూపొందించారు. దానినే క్రిటికల్ పాత్ పద్ధతి అంటారు. ఆ లెక్కను కంప్యూటర్‌పై చేసే ప్రైమవేరా సంస్థ 1983లో ఏర్పడింది. 2008లో దానిని ఒరాకిల్ సంస్థ కొనుగోలు చేసింది. నేడు గల్ఫ్‌లోని పెద్ద నిర్మాణాలలో విస్తృతంగా వాడుతున్న ప్రైమవేరా పి6 దాని సంతానమే.

అక్కడి కంపెనీలకు ఇది అలంకారం కాదు, కాంట్రాక్టు బాధ్యత. అంతర్జాతీయ నిర్మాణ ఒప్పందాలకు ఆధారమైన ఫిడిక్ 1999 రెడ్ బుక్ 8.3 నిబంధన ప్రకారం, పని ప్రారంభించమనే నోటీసు అందిన 28 రోజులలోగా కాంట్రాక్టరు వివరమైన కాలప్రణాళికను ఇంజనీరుకు సమర్పించాలి. ఆలస్యమైతే జరిమానా ఎవరు భరించాలి, అదనపు గడువు ఎవరికి దక్కాలి అనే వివాదాలన్నీ ఆ ప్రణాళిక చుట్టూ తిరుగుతాయి. ప్లానింగ్ ఇంజనీరు ఒక్క గీత తప్పు కలిపితే కంపెనీకి కలిగే నష్టం చిన్నది కాదు. కాబట్టి ఇంటర్వ్యూ చేసేవారు సర్టిఫికెట్ చూసి ఊరుకోరు. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ‘ఈ ముగింపు తేదీ ఎందుకు జరిగిందో చెప్పు’ అని అడుగుతారు.

మూడు రకాల కాగితాలు

తల్లిదండ్రులు ముందుగా ఒక తేడాను గ్రహించాలి. శిక్షణ కేంద్రం ఇచ్చేది ‘ఈ విద్యార్థి మా వద్ద కోర్సు పూర్తి చేశాడు’ అనే పత్రం మాత్రమే. దానికి సాఫ్ట్‌వేర్ తయారీదారుతో సంబంధం ఉండకపోవచ్చు. రెండవది, తయారీదారైన ఒరాకిల్ స్వయంగా నిర్వహించే పరీక్షలో ఉత్తీర్ణులైన వారికి లభించే సర్టిఫికెట్. మూడవది, 1969లో అమెరికాలో ఏర్పడిన పి.ఎం.ఐ. సంస్థ ఇచ్చే సి.ఎ.పి.ఎం., పి.ఎం.పి. వంటివి. ఇవి సాఫ్ట్‌వేర్‌కు సంబంధించినవి కావు. నిర్వహణ శాస్త్రానికి సంబంధించినవి.

ఈ మూడింటినీ కలగాపులగం చేసి అమ్మేవారు ఉన్నారు. నిన్ననే డిగ్రీ పూర్తి చేసిన అబ్బాయికి పి.ఎం.పి. శిక్షణ అంటగడతారు. నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవారు సైతం ఆ పరీక్షకు దరఖాస్తు చేయాలంటే 36 నెలల అనుభవం, 35 గంటల శిక్షణ చూపవలసి ఉంటుందని వారు చెప్పరు. అనుభవం లేని కొత్తవారికి ఉద్దేశించినది సి.ఎ.పి.ఎం. దానికి 23 గంటల శిక్షణ చాలు. మూడు గంటలలో 150 ప్రశ్నలకు జవాబులు రాయాలి. కాబట్టి ఒక్క రూపాయి కట్టేముందు, ఏ సంస్థ పరీక్ష, ఏ వెర్షన్‌పై, ఫీజు ఎంత, అర్హత ఏమిటి అనే నాలుగు వివరాలను పరీక్ష నిర్వహించే సంస్థ సొంత వెబ్‌సైట్‌లోనే చదవండి. పి6లో డెస్క్‌టాప్‌పై పనిచేసే ప్రొఫెషనల్ ఒకటి, బ్రౌజర్ ద్వారా పనిచేసే ఇ.పి.పి.ఎం. మరొకటి ఉన్నాయి. ఒకటి నేర్చుకుని రెండవదానిపై పరీక్షకు వెళ్లిన వారిని నేను చూశాను.

మొదటి పాఠం కాగితంపైనే

పరీక్షకు చదవడం కంప్యూటర్‌తో మొదలు కాకూడదు. ఈ మాట నాకు చెప్పినవారు సైటులో పనిచేసే ఒక వృద్ధ ఫోర్‌మన్. ఆయనకు సర్టిఫికెట్ ఏదీ లేదు. సిమెంటు సంచి కాగితంపై ఒక చిన్న దుకాణం కట్టే లెక్క వేసి చూపారు. అదే మీకు చెబుతాను, రాసుకోండి.

పునాదికి 6 రోజులు. పునాది తరువాత గోడలకు 10 రోజులు. పునాది పూర్తికాగానే తలుపుల తయారీకి ఆర్డరు ఇస్తే దానికి 7 రోజులు. గోడల తరువాత పైకప్పుకు 8 రోజులు. గోడలు, తలుపులు రెండూ సిద్ధమయ్యాక బిగింపుకు 2 రోజులు. పైకప్పు, బిగింపు రెండూ అయ్యాక ప్లాస్టరింగ్, రంగులకు 9 రోజులు.

దుకాణం ఎన్ని రోజులలో పూర్తవుతుంది? పునాది, గోడలు, పైకప్పు, రంగులు కలిపితే 33 రోజులు. మిగిలిన దారులు 27, 24 రోజులవి. అన్నింటిలో పొడవైన 33 రోజుల దారే క్రిటికల్ పాత్. ఆ దారిలో ఒక్క రోజు జారితే దుకాణం ఒక రోజు ఆలస్యమవుతుంది.

ఇప్పుడు తలుపుల తయారీని చూడండి. అది 13వ రోజుకు ముగుస్తుంది. బిగింపు మొదలయ్యేది గోడలు పూర్తయ్యాక, అంటే 16వ రోజు ముగిశాక. కాబట్టి వడ్రంగి 3 రోజులు ఆలస్యం చేసినా ఎవరికీ తెలియదు. దీనిని ఫ్రీ ఫ్లోట్ అంటారు. వడ్రంగి 5 రోజులు ఆలస్యం చేస్తే బిగింపు 2 రోజులు వెనక్కు జరుగుతుంది, అయినా దుకాణం 33 రోజులలోనే పూర్తవుతుంది. ఆలస్యం 9 రోజుల వరకు వెళ్లినా మొత్తం గడువు చెదరదు. ఈ తొమ్మిదే టోటల్ ఫ్లోట్. ఆలస్యం 11 రోజులైతే దుకాణం 35 రోజులకు గాని పూర్తి కాదు.

ఫ్రీ ఫ్లోట్ అంటే తరువాతి పనిని కదిలించని వెసులుబాటు. టోటల్ ఫ్లోట్ అంటే మొత్తం గడువును కదిలించని వెసులుబాటు. నలభై రోజుల శిక్షణలో అర్థం కాని ఈ తేడా ఆ కాగితం ముక్కపై పావుగంటలో అర్థమైంది. ఇటువంటి లెక్కలు పది చేతితో చేయండి. ఆ తరువాత అదే దుకాణాన్ని పి6లో వేసి, ఎఫ్‌9 మీట నొక్కి, మీ జవాబుతో పోల్చండి. రెండూ కలిసిన రోజున మీరు ఆ యంత్రానికి యజమానులవుతారు.

తప్పులు ఎక్కడ జరుగుతాయి?

పరీక్షలో చాలామంది తప్పుచేసే చోట్లు ఐదు.

మొదటిది క్యాలెండర్. పి6 పని నిడివిని గంటలలో నిల్వ చేసుకుని, రోజులుగా మార్చి చూపిస్తుంది. సైటులో రోజుకు 10 గంటల పని, సాఫ్ట్‌వేర్ అమరికలో రోజుకు 8 గంటలు ఉంటే, 10 రోజుల పని తెరపై 12.5 రోజులుగా కనిపిస్తుంది. కొత్తవారు సాఫ్ట్‌వేర్ చెడిపోయిందనుకుంటారు. గల్ఫ్‌లో ఈ పాఠం మరీ ముఖ్యం. సౌదీ అరేబియా 2013లో వారాంతపు సెలవును గురు, శుక్రవారాల నుండి శుక్ర, శనివారాలకు మార్చింది. యు.ఎ.ఇ. 2022లో తన ప్రభుత్వ కార్యాలయాలకు శని, ఆదివారాలను పూర్తి సెలవులుగా, శుక్రవారాన్ని సగం పనిదినంగా చేసింది. రంజాన్ మాసంలో యు.ఎ.ఇ.లో పనివేళలు రోజుకు రెండు గంటలు తగ్గుతాయి. సౌదీలో ముస్లిం ఉద్యోగులకు రోజుకు ఆరు గంటలే పని. వేసవిలో జూన్ 15 నుండి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నపు ఎండలో ఆరుబయట పని ఈ రెండు దేశాలలో నిషిద్ధం. ఇవన్నీ క్యాలెండర్‌లోకి ఎక్కాలి. రంజాన్ చంద్రమానం ప్రకారం ప్రతి సంవత్సరం పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుందని మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. మూడేళ్ల ప్రాజెక్టుకు ఒకే తేదీలు వేసిన ప్రణాళికలను నేను సరిదిద్దవలసి వచ్చింది.

రెండవది పనుల మధ్య సంబంధాలు. ఒకటి ముగిశాక రెండవది మొదలుకావడం సర్వసాధారణం. రెండూ కలిసి మొదలుకావడం, రెండూ కలిసి ముగియడం, మొదటిది మొదలైతే గాని రెండవది ముగియకపోవడం అనేవి మిగిలిన మూడు. వీటి మధ్య విరామాన్ని లాగ్ అంటారు. కాంక్రీటు క్యూరింగ్ శుక్రవారం కూడా ఆగదు, మనుషుల పని ఆగుతుంది. అందుచేత లాగ్‌ను ఏ క్యాలెండర్‌తో లెక్కించాలో ఎంచుకునే అవకాశం పి6లో ఉన్నది. ప్రతి సంబంధానికీ మీ ఇంటి నుండో, వీధి నుండో ఒక ఉదాహరణ రాసుకోండి.

మూడవది తేదీలను బలవంతంగా బిగించడం. ‘ఈ తేదీకి ముందు మొదలు కాకూడదు’ వంటి షరతు సంబంధాలను గౌరవిస్తుంది. మ్యాండేటరీ రకం షరతు గౌరవించదు. గోడ పూర్తికాకపోయినా పైకప్పు ఆ తేదీకే మొదలైనట్లు చూపగలదు. గడువుకన్నా పని వెనకబడితే ఫ్లోట్ సున్నాకన్నా కిందికి దిగుతుంది. ఆ అంకె ఎందుకు వచ్చిందో చెప్పగలగాలి.

నాలుగవది మనుషుల లెక్క. 160 గంటల తాపీపనికి రోజుకు 8 గంటల చొప్పున ఇద్దరు మేస్త్రీలుంటే 10 రోజులు. నలుగురిని పెడితే? పని పరిమాణం మారదని నిర్ణయిస్తే 5 రోజులు. నిడివి మారదని, రోజువారీ బలగం మారదని నిర్ణయిస్తే నిడివి 10 రోజులే ఉండి మొత్తం 320 గంటలవుతుంది. ఈ నిర్ణయాన్నే డ్యురేషన్ టైప్ అంటారు. అవి నాలుగు. పరీక్షలో దేన్ని మారిస్తే ఏది మారుతుందని అడుగుతారు. కంఠస్థం చేసినవారు ఇక్కడే జారిపడతారు. నేను కూడా ఇక్కడే జారిపడ్డాను.

ఐదవది పని జరుగుతుండగా లెక్కను నవీకరించడం. డేటా డేట్ అనే గీతకు ముందున్నది జరిగిపోయిన వాస్తవం, తరువాతిది మిగిలిన పని. సైటులో పనులు మనం గీసిన క్రమంలోనే జరగవు. తలుపులు బిగించకముందే ప్లాస్టరింగ్ మొదలుపెడతారు. అప్పుడు రిటెయిన్డ్ లాజిక్ ఎంచుకుంటే మిగిలిన ప్లాస్టరింగ్ తలుపుల బిగింపు పూర్తయ్యేవరకు ఆగుతుంది. ప్రోగ్రెస్ ఓవర్‌రైడ్ ఎంచుకుంటే ఆగదు. ఒకే ప్రాజెక్టుకు రెండు ముగింపు తేదీలు! ఏది నిజాయితీగా ఉంటుందన్నది సైటు పరిస్థితిని బట్టి ప్లానింగ్ ఇంజనీరు నిర్ణయించాలి. సగం రోజులు గడిచినంత మాత్రాన సగం పని అయినట్లు కాదు. గడిచిన కాలం, చేసిన శ్రమ, కంటికి కనిపించే పని అనే మూడు కొలతలు వేరువేరుగా ఉన్నది అందుకే.

ఎనిమిది వారాల ప్రణాళిక

రోజుకు రెండు గంటల చొప్పున ఎనిమిది వారాలు కేటాయించండి. మొదటి వారం పరీక్ష పాఠ్యాంశాల జాబితాను ముద్రించుకుని, చేతి లెక్కలు చేయండి. రెండు, మూడు వారాలలో ప్రాజెక్టు నిర్మాణం, అంటే ఇ.పి.ఎస్., ఒ.బి.ఎస్., డబ్ల్యు.బి.ఎస్., క్యాలెండర్లు, పనుల రకాలు, సంబంధాలు. నాలుగవ వారం షెడ్యూలింగ్, షరతులు, బేస్‌లైన్. ఐదవ వారం మనుషులు, యంత్రాలు, సామగ్రి, ఖర్చు. ఆరవ వారం నవీకరణ. ఏడవ వారం లేఅవుట్లు, ఫిల్టర్లు, రిపోర్టులు, ఫైళ్ల మార్పిడి, వినియోగదారుల హక్కులు. ఎనిమిదవ వారం కేవలం సాధన పరీక్షలు.

ఒరాకిల్ తన ఉత్పత్తుల మార్గదర్శక గ్రంథాలను ఇంటర్‌నెట్‌లో ఉచితంగా ఉంచింది. వాటికి మించిన పుస్తకం లేదు. దొంగ కాపీ సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లకండి. లైసెన్సు ఉన్న కేంద్రంలో చేరండి, లేదా ఒరాకిల్ అనుమతించే పరిమితకాలపు వినియోగాన్ని దాని షరతుల ప్రకారం వాడుకోండి. సొంత కంప్యూటర్ లేని ముగ్గురు విద్యార్థులు కలిసి ఒక కంప్యూటర్‌పై నేర్చుకోవడం సాధ్యమే. ఒకరు చేస్తుండగా ఇద్దరు కాగితంపై లెక్క వేసి సరిచూస్తే ముగ్గురికీ లాభమే.

ఒక తప్పుల పుస్తకం పెట్టండి. సాధన పరీక్షలో తప్పిన ప్రతి ప్రశ్నకు ఎదురుగా సరైన జవాబు రాసి వదిలేయకండి. మీరు ఎందుకు తప్పారో ఒక వాక్యం రాయండి. రెండు వారాల తరువాత ఆ వాక్యాలు చదివితే మీ బలహీనత ఏమిటో మీకే తెలుస్తుంది.

ఉర్దూ, తెలుగు మాధ్యమాలలో చదివిన పిల్లలకు ఒక మాట. పరీక్ష ఆంగ్లంలో ఉంటుంది. దానికి భయపడనక్కరలేదు. అందులో పదేపదే వచ్చే సాంకేతిక పదాలు నూరు, నూటయాభైకి మించవు. ఒక్కో పదానికి అర్థాన్ని మీ భాషలో, ఒక ఉదాహరణతో రాసుకోండి. విషయం మాతృభాషలో అర్థమైతే ఆంగ్ల పదం దానికి అంటిపెట్టుకుంటుంది. పరీక్షలో ప్రశ్నను రెండుసార్లు చదవండి. ‘కానిది ఏది’, ‘మొదట ఏది చేయాలి’, ‘అన్నింటికన్నా తగినది ఏది’ అనే మాటల కింద మనసులో గీత గీయండి. తెలిసిన ప్రశ్న తప్పేది ఆ మాటలను దాటవేసినప్పుడే.

లీకైన ప్రశ్నల కట్టల గురించి స్పష్టంగా చెబుతాను. పరీక్ష ప్రశ్నలను ఎవరికీ ఇవ్వనని అభ్యర్థి పరీక్షకు ముందే అంగీకరిస్తాడు. ఆ కట్టలు ఇచ్చిన మాట తప్పినవారి చేతుల మీదుగా వచ్చినవి. అతిక్రమణ బయటపడితే సర్టిఫికెట్ రద్దవుతుంది. బయటపడకపోయినా, ఉద్యోగంలో మొదటి నెలలోనే నిజం తేలుతుంది. మా కార్యాలయానికి మన ప్రాంతపు అబ్బాయే ఒకడు మంచి మార్కుల సర్టిఫికెట్‌తో వచ్చాడు. ముగింపు తేదీ పన్నెండు రోజులు ఎందుకు జరిగిందని మేనేజర్ అడిగితే చెప్పలేకపోయాడు. ప్రొబేషన్ ముగియకముందే తిరుగు టికెట్ చేతికిచ్చారు. విమానాశ్రయానికి నేనే తీసుకువెళ్లాను. దారి పొడవునా అతడు మాట్లాడిన మాట ఒక్కటే: ‘భాయ్, ఇంట్లో అప్పు ఉంది.’

తల్లిదండ్రులకు మనవి

మీరు ఫీజు కట్టి బాధ్యత తీరిందనుకోకండి. శిక్షణ కేంద్రంలో చేర్చే ముందు మీరే వెళ్లి, ఒక్కొక్కరికి ఒక కంప్యూటర్ ఉన్నదా, సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఉన్నదా, నేర్పేవారు సైటులో పనిచేశారా, పరీక్ష ఫీజు ఇందులో కలిసి ఉన్నదా అని అడగండి. ‘పాస్ గ్యారంటీ, ఉద్యోగం గ్యారంటీ’ అనే మాట వినిపిస్తే లేచి వచ్చేయండి. పరీక్షలో పాస్ గ్యారంటీ ఇవ్వగలిగినవాడు చదివే విద్యార్థి ఒక్కడే. సర్టిఫికెట్ ఉద్యోగపు తలుపు తట్టడానికి పనికివస్తుంది, తెరవడానికి కాదు. సివిల్ పనులు తెలియని వానికి పి6 అన్నం పెట్టదు. వీలైతే పరీక్షకు ముందే మీ ఊరి నిర్మాణంలోనైనా కొన్ని నెలలు పనిచేయనివ్వండి.

అమ్మాయిల తల్లిదండ్రులకు ప్రత్యేకంగా చెబుతున్నాను. ఈ పని ఎక్కువ భాగం బల్ల వద్ద, లెక్కల మధ్య జరుగుతుంది. ఓర్పు, వివరాలపై శ్రద్ధ దీనికి పెట్టుబడి. నాతో పనిచేసిన ప్లానర్లలో అత్యంత నమ్మకంగా లెక్క చెప్పిన ఇద్దరూ స్త్రీలే. అన్నకు కంప్యూటర్ కొన్న ఇంట్లో చెల్లెలికి కూడా ఆ కంప్యూటర్ వద్ద రెండు గంటలు రాసి ఇవ్వండి.

చివరగా విద్యార్థులకు. మీ ఎనిమిది వారాల ప్రణాళికలో కూడా ఒక వారం ఫ్లోట్ ఉంచుకోండి. జ్వరం రావచ్చు, ఇంట్లో పెళ్లి రావచ్చు, కరెంటు పోవచ్చు. తప్పితే మళ్లీ రాయండి, నేను రాశాను. రెండవసారి నా వద్ద ఆ ప్రశ్నల కట్ట లేదు, సిమెంటు సంచి కాగితం ఉన్నది. మొదటి జీతంతో కాకపోయినా, రెండేళ్ల జీతంలో మిగిల్చి అమ్మ గాజులు విడిపించాను. మీ అమ్మలు గాజులు తాకట్టు పెట్టకుండానే మీరు ఈ పరీక్షలో ఉత్తీర్ణులు కావాలన్నదే నా కోరిక.  పెన్నూ కాగితం తీయండి, ఆ దుకాణం లెక్కను ఇప్పుడే మరొకసారి చేద్దాం.